చిన్న కీబోర్డులో ఒత్వం ఎక్కడ?

పిట్ట కొంచెం కూత ఘనం అంటారు మన పెద్దలు. ఏడాదిన్నరగా నా బల్ల మీద ఉన్న కీబోర్డును చూసినప్పుడల్లా నాకు ఆ సామెతే గుర్తొస్తుంది. మామూలు కీబోర్డులో 104 మీటలుంటే దీనిలో ఉన్నవి 61. పొడవు సుమారు 29 సెంటీమీటర్లు, అంటే పిల్లల స్కూలు స్కేలు కంటే కాస్త తక్కువే. ఇంత చిన్నదానితోనే మా కొట్టు లెక్కలు ఇంగ్లీషులో, బ్లాకు ఆఫీసుకు అర్జీలు ఒడియాలో, మన పత్రికకు వ్యాసాలు తెలుగులో రాసుకుంటున్నాను. సంఘం సమావేశాలకు వచ్చినవారిలో చాలామంది "ఏమమ్మా, అది పనికొస్తోందా? మా పిల్లలకూ కొనమంటారా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అందరికీ కలిపి రాసెయ్యమని సంపాదకవర్గం వారు సలహా ఇచ్చారు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా ఒక మాట. కీబోర్డు మంచిదే. కాని తెలుగు రాసేవారికి దీనిలో ఒక చిక్కుంది. అది కొల్నార అన్న మన ఊరిపేరు మొదటి అక్షరంలోనే ఎదురవుతుంది. కొరాపుట్ అని రాసినా అంతే. ఆ చిక్కు ఎందుకు వచ్చింది, దాన్ని ఎలా విప్పుకోవచ్చు అన్నదే ఈ వ్యాసంలో ముఖ్యమైన సంగతి.

చిన్నది ఎందుకు?

మా కిరాణా కొట్టులో గల్లాపెట్టె పక్కన రెండడుగుల బల్ల ఉంది. కంప్యూటరు తెర, బిల్లు పుస్తకం, కాటా, ఎప్పుడూ ఒక టీ గ్లాసు, అన్నీ దాని మీదే. పెద్ద కీబోర్డు పెడితే మౌసు బల్ల అంచుకు పోయేది. దానికోసం చెయ్యి చాచి చాచి సాయంత్రమయ్యేసరికి కుడి భుజం లాగేసేది. మా ఆడపడుచు కొడుకు విశాఖపట్నంలో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తాడు. దసరాకు వచ్చి నా అవస్థ చూశాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ చిన్నదాన్ని చేతిలో పెట్టాడు.

"ఇంత చిన్నదాంట్లో నా వేళ్ళు పడతాయా నాయనా?" అన్నాను.

"అక్షరాల మీటలు పెద్దదాంట్లో ఎంత ఎడంగా ఉంటాయో ఇందులోనూ అంతే అత్తా. తీసేసింది చుట్టూ ఉన్న సరంజామా మాత్రమే" అన్నాడు.

కొలిచి చూస్తే అతను చెప్పింది నిజమే. ఒక మీట నడుమ నుంచి పక్క మీట నడుమకు 19 మిల్లీమీటర్లు. పెద్ద కీబోర్డుల్లోనూ అదే కొలత. కుడివైపు అంకెల పలక, దాని పక్కన బాణం గుర్తుల మీటలు, పైన ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు ఉండే వరుస, ఇవి లేవంతే. వాటి పనులన్నీ ఎఫ్.ఎన్. అని రాసి ఉన్న ఒక మీట కింద దాచారు. దాన్ని నొక్కిపట్టి 2 అంకె నొక్కితే ఎఫ్2 అవుతుంది. అంకెల పలక పోయేసరికి మౌసు సుమారు 15 సెంటీమీటర్లు దగ్గరికి జరిగింది. నెల తిరిగేసరికి భుజం నొప్పి తగ్గింది. ఇది నా అనుభవం మాత్రమే, వైద్య సలహా అనుకోవద్దు.

ఈ ఊహ ఎవరిది?

కంప్యూటరు కీబోర్డు మొదటి నుంచీ ఇంత పెద్దది కాదు. 1980ల మధ్యలో ఐ.బి.ఎం. వారు 101 మీటల కీబోర్డు తెచ్చాక, మిగతా కంపెనీలూ ఆ బాట పట్టాయి. తర్వాత విండోస్ కోసం మరో మూడు చేరి 104 అయ్యాయి. ఇన్ని మీటలు అక్కర్లేదని గట్టిగా నమ్మినవారిలో జపాన్‌కు చెందిన ఆచార్య ఎయిచి వాడా గారు ఒకరు. ఆయన టోక్యో విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం బోధించారు. ఆయన ఊహను తీసుకుని పి.ఎఫ్.యు. అనే కంపెనీ 1996లో 60 మీటల చిన్న కీబోర్డును అమ్మకానికి పెట్టింది. దాని పేరు హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు. ఇప్పటికీ దాని వారసులు తయారవుతున్నాయి.

వాడా గారు దీనికి చెప్పిన పోలిక బాగుంటుంది. అమెరికాలో పశువుల కాపరులు దారిలో గుర్రం చచ్చిపోతే దాన్ని వదిలేసి వెళ్ళేవారట గాని, జీనును మాత్రం భుజాన వేసుకునే నడిచేవారట. గుర్రం మారుతుంది, జీను మాత్రం తన ఒంటికి అలవాటైనది. కంప్యూటరు గుర్రం లాంటిదైతే కీబోర్డు జీను లాంటిది అని ఆయన భావం. మన దర్జీలు తమ కత్తెరను ఇంకొకరి చేతికి ఇవ్వరు చూడండి, అలాంటిదే.

అయితే ఆయన ఆ జీనును ప్రోగ్రాములు రాసేవారి కోసం కుట్టారు. వారికి ఏ గుర్తులు కావాలో వాటిని జాగ్రత్తగా ఉంచారు. ఆ తర్వాత ఎన్నో కంపెనీలు 61 మీటల కీబోర్డులు తయారుచేశాయి. ఏది ఉంచాలి, ఏది దాచాలి అన్నది ఇంగ్లీషు రాసేవారి అవసరాలను చూసి నిర్ణయించారు. తెలుగు రాసేవారి లెక్క అందులో లేదు.

ఒకే పలక మీద అన్ని లిపులు

ఇక్కడ మన భాషల సంగతి కొంచెం చెప్పుకోవాలి. భారతీయ లిపులన్నిటికీ ఒకే కీబోర్డు అమరిక ఉండాలని 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఒక ప్రమాణం తెచ్చింది. 1988లో దాన్ని సవరించారు. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని తన ప్రమాణంలో చేర్చుకుంది. దాన్నే ఇన్‌స్క్రిప్ట్ అంటారు. విండోస్‌లో తెలుగు కీబోర్డును ఎంచుకుంటే వచ్చేది ప్రధానంగా ఈ అమరికే.

దీని తర్కం ముచ్చటగా ఉంటుంది. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు. క ఉన్న మీట మీదే షిఫ్ట్‌తో ఖ, దాని పై వరుసలో గ, షిఫ్ట్‌తో ఘ. గుడి ఉన్న మీట మీదే షిఫ్ట్‌తో ఇ, కొమ్ము ఉన్న మీట మీద షిఫ్ట్‌తో ఉ. తెలుగులో క ఎక్కడ ఉందో ఒడియాలోనూ, హిందీలోనూ, తమిళంలోనూ అక్కడే. వేళ్ళు ఒక భాషకు అలవాటు పడితే రెండో భాష సగం వచ్చేసినట్టే. మనలాగా రోజూ రెండు మూడు భాషల మధ్య బతికేవారికి ఇంతకంటే సౌకర్యం ఏముంది?

మన ప్రాంతం కథే అలాంటిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ కొండలన్నీ మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. తర్వాత కొరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న దాన్నుంచి రాయగడ జిల్లా విడివడింది. జిల్లాలు మారినా రాయగడలో రైలెక్కి పార్వతీపురంలో దిగే మన ప్రయాణాలు ఆగలేదు. ఆఫీసులో ఒడియా, ఇంట్లో తెలుగు, కొండ మీది నుంచి సంతకు వచ్చేవారి నోట కువి. మూడు భాషలూ చెవిన పడకుండా ఒక్క రోజు గడవదు.

మూల మీట మాయం

ఇన్‌స్క్రిప్ట్‌ను అమర్చినవారికి ఒక ఇబ్బంది వచ్చింది. హిందీలో, ఒడియాలో, బెంగాలీలో ఏ, ఓ అనే అచ్చులకు హ్రస్వం, దీర్ఘం అని వేర్వేరు అక్షరాలు లేవు. ద్రావిడ భాషలకు మాత్రం తప్పనిసరి. ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. అందరికీ పనికొచ్చే ఏత్వాన్ని, ఓత్వాన్ని ఎడమ చేతి వేళ్ళు సహజంగా ఆనే నడిమి వరుసలో పెట్టారు. ఎత్వాన్ని కింది వరుసలో ఎడమ చివరన, ఇంగ్లీషు జెడ్ ఉన్న మీట మీద సర్దారు. ఒత్వానికి ఆ మూడు వరుసల్లో చోటు దొరకలేదు. దాన్ని పైన అంకెల వరుసలో, 1కి ఎడమవైపున ఉన్న మూల మీటకు పంపారు. షిఫ్ట్‌తో నొక్కితే అక్కడే ఒ వస్తుంది.

పెద్ద కీబోర్డులో దీనివల్ల వచ్చిన బాధ పెద్దగా లేదు. చిటికెన వేలు కాస్త చాస్తే అందుతుంది. లాప్‌టాప్‌లలోనూ ఆ మీట ఉంటుంది. కాని 61 మీటల కీబోర్డులో మొదట మాయమయ్యేది సరిగ్గా అదే. ఇంగ్లీషులో ఆ మూల మీట మీద ఉండేది ఒక చిన్న వాలు గీత. మామూలు ఉత్తరాల్లో దానితో ఎవరికీ పని పడదు. అందుకని ఆ స్థలంలో ఎస్కేప్ మీటను కూర్చోబెట్టి, వాలు గీతను ఎఫ్.ఎన్. కింద దాచేశారు. వాడా గారి కీబోర్డులో అది కుడి వైపు పై మూలకు మారింది గాని పోలేదు. ప్రోగ్రాములు రాసేవారికి దానితో పనుంది కదా.

ఇప్పుడు కొల్నార అని రాద్దాం. క, ఒత్వం, ల, పొల్లు, న, దీర్ఘం, ర. మొత్తం ఏడు మీటలు. రెండోదాని దగ్గరే ఆగిపోవాలి. నా కీబోర్డులో ఎఫ్.ఎన్. కింద కుడి చివర ఉంది, ఎస్కేప్ పైన ఎడమ చివర ఉంది. వాస్తు ప్రకారం చెప్పాలంటే కుడి చెయ్యి ఆగ్నేయానికి, ఎడమ చెయ్యి వాయవ్యానికి పోవాలి. ఒ రాయాలంటే షిఫ్ట్ కూడా కలపాలి. ఒకటి, కొత్త, కొడుకు, కొంచెం, పొలం, పొయ్యి, పొద్దు, గొడుగు, మొక్క, సొమ్ము, తొమ్మిది... ఒత్వం లేకుండా తెలుగులో అరపేజీ రాయండి చూద్దాం!

గురుమా మీట, నా మీట

మా పక్కింట్లో ఒడియా టీచరు గారు ఉంటారు. ఇక్కడి పద్ధతిలో అందరం గురుమా అనే పిలుస్తాం. ఆవిడ అప్పుడప్పుడు మా కొట్టుకు వచ్చి స్కూలు కాగితాలు ఇదే కీబోర్డు మీద ఒడియాలో కొట్టుకుంటారు. ఆవిడకు ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరోజు ఇద్దరం కూర్చుని ఎందుకా అని చూశాం.

రాయగడ అని ఒడియాలో రాసేటప్పుడు చివరి డ కింద ఒక చుక్క పెట్టాలి. ఒడియా అన్న పేరులోనూ ఆ చుక్క ఉంది. దాన్ని నుక్తా అంటారు. ఇన్‌స్క్రిప్ట్‌లో నుక్తా ఉన్నది పై అక్షరాల వరుసలో కుడి చివరకు దగ్గరగా, చదరపు బ్రాకెట్టు మూసే మీట మీద. ఆ మీట చిన్న కీబోర్డులో చెక్కు చెదరకుండా ఉంది. కొల్నార, కొరాపుట్ పేర్లు ఒడియాలో రాసినప్పుడు వారికి ఉన్న ఒకే ఓత్వం సరిపోతుంది. మూల మీట ఉన్నా లేకపోయినా గురుమాకు ఒకటే.

ఇక మన తెలుగు అమరికలో అదే బ్రాకెట్టు మీటను చూడండి. షిఫ్ట్‌తో ఞ ఉంటుంది. షిఫ్ట్ లేకుండా తెలుగు అక్షరమేదీ లేదు. తెలుగులో నుక్తా వాడుక లేదు కదా. 2021లో యూనికోడ్ పట్టికలో తెలుగుకూ నుక్తాను చేర్చారు గాని రోజువారీ రాతలో దానితో మనకు పనిలేదు. అంటే గురుమాకు కావలసిన మీట మనకు ఖాళీగా పడి ఉంది. మనకు కావలసిన మీట గురుమాకు అక్కర్లేదు, కీబోర్డు తయారుచేసినవారికీ అక్కర్లేదు.

"మీ అక్షరానికి మా చుక్క ఉన్న చోటు ఖాళీయే కదా, అక్కడ పెట్టుకోండి" అన్నారు గురుమా నవ్వుతూ. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

కొట్లు, కోట్లు

ఒక గుర్తు కోసం ఇంత రాద్ధాంతం దేనికని కొందరికి అనిపించవచ్చు. మా వారూ మొదట అదే అన్నారు. "కొట్లు అద్దెకు ఇచ్చాడు అనడానికి కోట్లు అద్దెకు ఇచ్చాడు అని రాస్తే ఇన్‌కంటాక్సు వాళ్ళు వస్తారు" అన్నాక ఒప్పుకున్నారు. కొండ కొన అంటే కొండ చివర. కొండ కోన అంటే ఇంకో చోటు. మన కొండల్లో తిరిగేవారికి ఆ తేడా వేరే చెప్పక్కర్లేదు.

నవ్వులాటకు చెప్పినా సంగతి మాత్రం పెద్దదే. మన సంఘంలోని ఒక కుటుంబంలో మొన్నీమధ్య పెళ్ళి జరిగింది. శుభలేఖలు దగ్గరలోని పట్నంలో అచ్చు వేయించారు. కంప్యూటరు మీద కూర్చున్న కుర్రవాడు ఒడియా బడిలో చదివినవాడు, తెలుగు అక్షరాలు తనంతట తానే నేర్చుకున్నాడు. ఒత్వం మీట కనబడలేదు. ఓత్వం వేలి కిందే ఉంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయనుకుని అదే కొట్టేశాడు. ఇంటిపేరు మొదటి అక్షరమే దీర్ఘమైంది. పెళ్ళికూతురి మామ్మగారు కార్డు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఇదెవరి ఇంటిపేరమ్మా? మనది కాదే!" అన్నారు. అప్పటికే కొన్ని కార్డులు పంచేశారు. మిగిలినవి దిద్దుదామంటే అదీ తేలిక కాదు. ఒత్వాన్ని ఓత్వం చేయాలంటే ఒక గీత చేర్చితే చాలు. ఓత్వాన్ని ఒత్వం చేయాలంటే అచ్చైన గీతను చెరపాలి. మామ్మగారు దగ్గర కూర్చుని బ్లేడు మొనతో ఒక్కొక్క కార్డూ గీకించారు.

కొత్తకోట, గొర్లె, బొత్స, పొట్నూరు, బొడ్డేపల్లి... మన ఉత్తరాంధ్ర ఇంటిపేర్లలో ఒత్వంతో మొదలయ్యేవి ఎన్నో. పార్వతీపురం వైపున్న బంధువుల కాగితాల్లో ఒకలా, ఇక్కడ మన కాగితాల్లో ఒకలా పడితే రేపు ఆస్తి పంపకాలప్పుడు, ఇద్దరూ ఒకే ఇంటివారని రుజువు చేసుకోవలసి రావచ్చు.

పిల్లల సంగతి అంతకంటే ముఖ్యం. మన పిల్లలు చాలామంది ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. తెలుగు ఇంట్లో విని నేర్చుకుంటున్నారు. వారి నోట కొండ, కోడి రెండూ సరిగ్గానే పలుకుతాయి. చెవికి తెలిసిన ఆ తేడా వేలికి దొరకకపోతే, రాతలో మెల్లగా చెరిగిపోతుంది. ఉగాది సంచికకు పిల్లలు పంపిన రచనల్లో "కోత్త బట్టలు", "పోద్దున్నే" అని కనబడితే అది వారి తెలివి తక్కువ కాదు. అందుబాటులో ఉన్న మీటతో సర్దుకున్నారు.

ఈ ఇబ్బంది తెలుగువారిది మాత్రమే అనుకోనక్కర్లేదు. కువి కూడా ద్రావిడ కుటుంబంలో తెలుగు ఉన్న శాఖకే చెందిన భాష. వారి మాటలోనూ ఒ, ఓ రెండూ ఉన్నాయి. ఆ భాషను ఒడియా లిపిలో రాయబోతే వారికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

చేసుకున్న ఏర్పాటు

ఇక గురుమా సలహా దగ్గరికి వద్దాం. విండోస్ వాడేవారి కోసం మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దానిలో ఉన్న అమరికను తెరిచి, మనకు కావలసిన మీట మార్చుకుని, కొత్త పేరుతో దాచుకోవచ్చు. మా ఆడపడుచు కొడుకు ఫోనులో చెబుతుంటే నేను మూడు మార్పులు చేశాను.

ఒకటి, బ్రాకెట్టు మూసే మీట మీద ఒత్వం పెట్టాను. రెండు, అదే మీట మీద షిఫ్ట్‌తో ఒ పెట్టాను. గుర్తు, అచ్చు రెండూ ఒకే మీట మీద ఉండాలన్న ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి అలా చెడిపోకుండా నిలిచింది. మూడు, అక్కడ ఉన్న ఞను న ఉన్న మీట మీదికి షిఫ్ట్‌తో పంపాను. తెలుగులో ఆ చోటు ఖాళీయే. విడిగా ఞతో మనకు పడే పని చాలా తక్కువ. విజ్ఞానం, యజ్ఞం వంటి మాటలకు కావలసిన జ్ఞ, 5 అంకె మీట మీద షిఫ్ట్‌తో సిద్ధంగా ఉండనే ఉంది.

కొన్ని చిన్న కీబోర్డుల్లో మీటలను కీబోర్డు లోపలే మార్చుకునే వీలుంటుంది. మా వాడు మొదట అదే చేద్దామన్నాడు. నేను వద్దన్నాను. అలా చేస్తే ఇంగ్లీషుకూ ఒడియాకూ కూడా మీట మారిపోతుంది. గురుమా వచ్చి రాయగడ అని కొట్టబోతే చుక్క పడదు. తెలుగు అమరికలో మాత్రమే మార్చుకుంటే ఎవరి చోటు వారిదే.

ఇంకొక సందేహం చాలామంది అడిగారు. ఇలా సొంత అమరికలో రాసిన వ్యాసం వేరేవారి కంప్యూటరులో తెరుచుకుంటుందా అని. నిశ్చింతగా తెరుచుకుంటుంది. వెనకటి రోజుల్లో ఒక ఫాంటులో కొట్టింది మరో ఫాంటులో గజిబిజిగా కనబడేది. 1991లో యూనికోడ్ మొదటి పట్టిక వెలువడినప్పుడే దానిలో తెలుగు ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి నుంచి గౌతమి ఫాంటుతో సహా తెలుగు మామూలు కంప్యూటర్లలోకి వచ్చింది. ఆ పట్టికలో ఒత్వానికి 3146 అనే సంఖ్య ఉంది, ఓత్వానికి 3147. మనం ఏ మీట నొక్కినా దస్త్రంలో పడేది ఆ సంఖ్యే. మీట మన ఇంటి వ్యవహారం, సంఖ్య అందరిదీ.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. వేరేవారి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఒత్వం పాత మూలలోనే ఉంటుంది. రెండు చోట్లూ గుర్తుంచుకోవాలి. పుట్టింట్లో ఉప్పు డబ్బా ఒక చోట, అత్తింట్లో మరో చోట. రెండిళ్ళలోనూ వంట చేసినవారికి ఇది ఏమంత కష్టం?

మిగతా అలవాట్లు

కొట్టు లెక్కలకు అంకెల పలక లేకపోవడం మొదట్లో ఇబ్బందిగానే ఉంది. నెలాఖరు లెక్కలకు విడిగా దొరికే చిన్న అంకెల పలక కొనుక్కున్నాను. పని అయ్యాక సొరుగులో పెట్టేస్తాను. మిగతా రోజులకు పై వరుస అంకెలు చాలు.

బాణం గుర్తులు ఎఫ్.ఎన్.తో కలిపి నొక్కాలి. ప్రూఫులు దిద్దేటప్పుడు వీటి అవసరం ఎక్కువ. వేళ్ళకు పట్టుబడడానికి నాకు మూడు వారాలు పట్టింది. డిలీట్ మీట కూడా దాచి ఉంది గాని తెలుగుకు ఆ లోటు అంతగా తెలియదు. కొ అని రాశాక బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఒత్వం మాత్రమే పోయి క మిగులుతుంది. గుణింతం దిద్దుకోవడానికి అదే మేలు. డిలీట్ అయితే చాలా ప్రోగ్రాముల్లో అక్షరం మొత్తాన్నీ తుడిచేస్తుంది.

చప్పుడు సంగతీ చెప్పాలి. ఈ రకం కీబోర్డుల్లో చాలావాటికి మీట కింద విడివిడి స్ప్రింగులుంటాయి. టకటకమంటాయి. రాత్రిపూట రాసుకుంటుంటే మా వారు "టైపు ఇన్‌స్టిట్యూటు తెరిచావా?" అంటారు. చప్పుడు తక్కువ రకాలూ దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి.

కొనబోయేవారికి

తెలుగు రాసే ఉద్దేశం ఉంటే కొనేముందు మూడు సంగతులు చూడండి. మొదటిది, 1 అంకెకు ఎడమవైపున ఏ మీట ఉందో చూడండి. ఎస్కేప్ ఉంటే ఒత్వం దాక్కున్నట్టే. కాస్త పెద్దవి, 75 శాతం అని చెప్పే రకాల్లో ఎఫ్ వరుస పైన ఉండి, ఆ మూల మీట తన చోటే ఉంటుంది. బల్ల మీద చోటుంటే తెలుగువారికి అదే సుఖం. రెండోది, ఎఫ్.ఎన్. మీట ఎక్కడుందో చూసి, రెండు చేతులతో ఒత్వం ఒక పదిసార్లు కొట్టి చూడండి. మూడోది, మీ కంప్యూటరులో కొత్త అమరిక పెట్టుకునే అనుమతి మీకు ఉందో లేదో కనుక్కోండి. ఆఫీసు కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు.

ఫోనులో తెలుగు రాస్తున్నాం, నోటితో చెబితే అదే రాస్తోంది, ఇక కీబోర్డు ఎందుకు అనేవారూ ఉన్నారు. నాలుగు ముక్కల కబురుకు అది చాలు. శుభలేఖకు, అర్జీకి, పత్రికకు మాత్రం ప్రతి అక్షరం మన వేలితో మనమే ఎంచుకోవడం మంచిది. ముఖ్యంగా పేర్లు.

నేను చేసుకున్న తెలుగు అమరికను పెన్‌డ్రైవులో పెట్టి ఉంచాను. వచ్చే సమావేశానికి తెస్తాను, కావలసినవారు కాపీ చేసుకోవచ్చు. ఏ అక్షరం ఎక్కడుందో చూపే బొమ్మను ఒక కాగితం మీద గీసి జతచేస్తున్నాను, గోడకు అంటించుకోవడానికి పనికొస్తుంది. పిల్లలను కూడా వెంట తీసుకురండి. ముందుగా వాళ్ళ పేరు, ఇంటిపేరు, ఊరిపేరు వాళ్ళ చేతే కొట్టిద్దాం.